కార్డు మీద బొమ్మ ఎవరిదైతేనేం?

వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకోవాల్సిన మనిషికి ఆస్పత్రి సేవలు ఆగిపోయాయన్న కబురు వస్తే ఎలా ఉంటుంది? 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద ఉచితంగా వైద్యం చేసే నెట్‌వర్క్ ఆస్పత్రులు, ప్రభుత్వం కట్టాల్సిన బకాయిల కోసం సేవలు ఆపినప్పుడు వేల కుటుంబాలు ఆ టెన్షన్ అనుభవించాయి. చేతిలో కార్డు ఉంది, దాని మీద నాయకుడి బొమ్మ ఉంది, లక్షల్లో పరిమితి ఉంది. వైద్యం మాత్రం అందలేదు. దేశంలో ఆరోగ్య పథకాల మీద పార్టీల మధ్య ఇన్నేళ్లుగా సాగుతున్న గొడవలో ఈ రోగి ఎక్కడా కనిపించడు. పేరు ఎవరిది, బొమ్మ ఎవరిది, ఘనత ఎవరి ఖాతాలోకి పోవాలి అన్నదే పేచీ.

2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రధాని ఆయుష్మాన్ భారత్ ప్రారంభించారు. కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వైద్యం, ఖర్చులో చాలా రాష్ట్రాలకు కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం. నాలుగు నెలలు తిరగకముందే పశ్చిమ బెంగాల్ బయటికి వచ్చేసింది. లబ్ధిదారుల ఇళ్లకు ప్రధాని ఫొటోతో ఉత్తరాలు వెళ్లడం అక్కడి ముఖ్యమంత్రికి కోపం తెప్పించింది. ఒడిశా, ఢిల్లీ చేరనే లేదు. తెలంగాణ 2021 దాకా ఆగింది. 2024లో ఒడిశాలో ప్రభుత్వం మారింది, 2025 జనవరిలో ఆ రాష్ట్రం చేరింది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీలో మారింది, ఏప్రిల్‌లో ఢిల్లీ చేరింది. రోగాలు మారలేదు, రోగులు మారలేదు. కుర్చీలో కూర్చున్న పార్టీ మారింది, అంతే.

మా పథకం కేంద్రం పథకం కంటే మేలు, మీకంటే ఎక్కువ కుటుంబాలకు ఇస్తున్నాం అన్నది రాష్ట్రాల వాదన. డబ్బు ఇస్తున్నప్పుడు మా పేరు ఎందుకు ఉండకూడదన్నది కేంద్రం వాదన. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని ఇరువైపులా చేసింది ఒక్కటే: పేదవాడి వైద్యాన్ని తమ ప్రచారానికి తాకట్టు పెట్టడం.

70 ఏళ్లు నిండిన అందరికీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్‌ను వర్తింపజేస్తూ 2024 అక్టోబరు 29న ప్రధాని ప్రకటన చేశారు. ఢిల్లీ, బెంగాల్ వృద్ధులకు సేవ చేయలేకపోతున్నానంటూ వారిని క్షమాపణ కోరారు. అంత బాధ ఉన్నప్పుడు ఆ రెండు రాష్ట్రాలు నడుపుతున్న పథకాలకే ఆ డబ్బు ఎందుకు ఇవ్వలేదు? రోగికి వైద్యం అందడమే ముఖ్యమైతే కార్డు మీద పేరు షరతు ఎందుకైంది? కేంద్రం 2023లో, ప్రాథమిక వైద్యం చేసే హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లకు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు మార్చి, బోర్డులు రాయించాలని రాష్ట్రాల మీద ఒత్తిడి తెచ్చింది. ఈ పేరు పేచీలో కేరళకు జాతీయ ఆరోగ్య మిషన్ నిధులు ఆగాయి. బోర్డు రాయలేదని మందుల డబ్బు ఆపడం ఏ సంస్కరణ?

అటు ఆమ్ ఆద్మీ పార్టీ తక్కువ తినలేదు. ఢిల్లీలో కేంద్రం పథకం వద్దన్న ఆ పార్టీ, పంజాబ్‌లో కేంద్రం నిధులతో నడిచే ఇలాంటి సెంటర్లను ఆమ్ ఆద్మీ క్లినిక్‌లుగా మార్చి ముఖ్యమంత్రి బొమ్మ పెట్టింది. పార్టీ పేరునే ప్రభుత్వ ఆస్పత్రికి పెట్టుకున్న వాళ్లకు ప్రధాని ఫొటో గురించి మాట్లాడే అర్హత ఎక్కడిది? ఆ సాకుతో కేంద్రం పంజాబ్‌కు నిధులు ఆపింది. నష్టపోయింది పార్టీలు కావు.

ఈ పంతాల ధర తెలియాలంటే మన దగ్గరి ఇటుక బట్టీలకు వెళ్లాలి. ఒడిశాలోని బలాంగీర్ ప్రాంతం నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే తెలంగాణకు పనికి వస్తాయి. ఆయుష్మాన్ భారత్‌లో ఉన్న మంచి విషయం ఏమిటంటే, ఒక రాష్ట్రం కార్డు ఇంకో రాష్ట్రంలోని ఆస్పత్రిలో చెల్లుతుంది. వలస కూలీకి అంతకంటే కావాల్సింది లేదు. ఒడిశా బయట ఉన్న ఆరేళ్లూ ఆ కార్డు ఆ కూలీ చేతికి రాలేదు. ఒడిశా ప్రభుత్వానికీ కేంద్రానికీ మధ్య పంతం, భారం మాత్రం బట్టీలో ఇటుకలు మోసేవాడి మీద.

మన తెలుగు పార్టీలకు వేరేవాళ్లను వేలెత్తి చూపే అర్హత లేదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు దేశమంతా మనవైపు చూసింది. ఆ మరుసటి ఏడాది కేంద్రం తెచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన కుటుంబానికి 30 వేలు ఇస్తే, మన దగ్గర గుండె ఆపరేషన్లే జరిగాయి. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఏం చేశారు? ఎన్టీఆర్ వైద్యసేవ అన్నారు, మళ్లీ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అన్నారు, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవకు వచ్చారు. ప్రభుత్వం మారిన ప్రతిసారీ కొత్త బోర్డులు, కొత్త కార్డులు. జనం మాత్రం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటున్నారు. 2023 డిసెంబరులో, ఎన్నికలకు నెలల ముందు, అక్కడ పరిమితిని 25 లక్షలు చేశారు. అదే నెలలో తెలంగాణలో కొత్త ప్రభుత్వం 10 లక్షలు చేసింది. అంకెలు పెంచడానికి ఒక సభ చాలు. పాత బిల్లులు కట్టడానికి ఖజానాలో డబ్బు కావాలి, దాని గురించి ఆ సభల్లో ఎవరూ మాట్లాడలేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని పెద్దలు ఊరికే అనలేదు.

నిజంగా కొట్లాడుకోవాల్సిన విషయాలు వేరే ఉన్నాయి. 2025 నాటికి ప్రభుత్వాలు ఆరోగ్యం మీద పెట్టే ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది. 2021-22లో అది 1.84 శాతం. ఆ ఏడాది దేశం మొత్తం వైద్య ఖర్చులో 39.4 శాతం జనం తమ జేబులోంచే పెట్టుకున్నారు. ఆయుష్మాన్ కార్డు ఆస్పత్రి మంచం ఎక్కితేనే పనికొస్తుంది. నెలనెలా కొనే బీపీ, షుగర్ మాత్రలకు అది ఏమీ ఇవ్వదు. కుటుంబాలను మెల్లగా అప్పుల్లోకి లాగేది ఆ మందుల షాపు బిల్లే. దాదాపు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులు ఒకే మొబైల్ నంబరుకు లింకై ఉన్నారని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో బయటపెట్టింది. ఫొటో సైజు మీద పెట్టిన శ్రద్ధలో సగం ఆ రికార్డుల మీద పెట్టి ఉంటే ఆ మాట పడాల్సి వచ్చేది కాదు.

కేంద్రం డబ్బు, రాష్ట్రం డబ్బు అని రెండు లేవు. అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టే జనం డబ్బు అది. ఏ నాయకుడూ సొంత జేబులోంచి తీసి ఇవ్వలేదు, కాబట్టి కార్డు మీద ఎవరి బొమ్మా అక్కర్లేదు. కార్డు పేరు బట్టి నిధులు ఆపే అధికారం కేంద్రానికి ఉండకూడదు, కేంద్రం కార్డును కాదనే పంతం రాష్ట్రాలకు ఉండకూడదు. ఆస్పత్రుల క్లెయిమ్‌లు 15 రోజుల్లో చెల్లించాలని ఆయుష్మాన్ భారత్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. రెండు తెలుగు ప్రభుత్వాలూ తమ పథకాలకు కూడా అదే గడువును చట్టంలో రాయాలి, దాటితే వడ్డీ కట్టాలి.

మంత్రులకు జబ్బు చేస్తే, ఆస్పత్రిలో ఈ పథకాల పని చూసే ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర అనుమతి కోసం పొద్దంతా కూర్చోరు. కూర్చునేది మీకు ఓటు వేసినవాళ్లు. ముందు బకాయిలు కట్టండి. బొమ్మ సంగతి ఆ తర్వాత మీలో మీరు తేల్చుకోండి.