బొజ్జే మన భారీ పరిశ్రమ

శ్రీకాకుళం జిల్లాలో ఉపాధి లేదని, జనం చెన్నైకీ హైదరాబాదుకీ వలస పోతున్నారని ప్రతి ఎన్నికలకీ వింటూనే ఉన్నాం. ఆ మాట అనే పెద్దలు ఒక్కసారి తల వంచి తమ చొక్కా గుండీల వైపు చూసుకోవాలి. రాత్రింబవళ్ళు కొత్తవాళ్ళని చేర్చుకుంటున్న పరిశ్రమ అక్కడే నడుస్తోంది. సబ్సిడీ అడగలేదు, సెంటు భూమి సేకరించలేదు.

తిన్నది ఖర్చు కాకపోతే కొవ్వు కణాలు ఉబ్బుతాయి. ఉబ్బగా ఉబ్బగా ఆక్సిజన్ చాలక కొన్ని చచ్చిపోతాయి. అప్పుడు ఎంసీపీ-1 అనే రసాయన మేస్త్రీ బయల్దేరతాడు. అతగాడి కబురు అందగానే, ఎముక మజ్జలో పుట్టి రక్తంలో తిరిగే మోనోసైట్లు అనే తెల్ల కణాలు మూటాముల్లె సర్దుకుని బొజ్జకి వలస వచ్చి, చచ్చిన కణాల్ని మింగే మాక్రోఫేజ్‌లుగా స్థిరపడతాయి. సన్నటివాళ్ళ కొవ్వులో వీటి వాటా 10 శాతం లోపే, ఊబకాయుల్లో 40 దాకా పోతుంది. ఏ ప్రభుత్వం ఇచ్చిందండీ ఇన్ని ఉద్యోగాలు? ఈ సంగతి 2003లోనే బయటపడినా ఒక్క నాయకుడూ శంకుస్థాపనకి రాలేదు.

చచ్చిన కొవ్వు కణం చుట్టూ ఇవి గుమిగూడే తీరుకి శాస్త్రజ్ఞులు కిరీటం పేరే పెట్టారు. కాబట్టి పెళ్ళిళ్ళలో బొజ్జని ముందు నడిపించి తాము వెనక వచ్చే పెద్దమనుషుల్ని చూసి నవ్వకండి.

వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోరు. టీఎన్ఎఫ్-ఆల్ఫా లాంటి రసాయనాలు వదులుతారు. (ఊబకాయపు కొవ్వులో దీని ఆగడం 1993 నాటికే తెలుసు.) ఇన్సులిన్ కణాన్ని తాకినప్పుడు ఆ సమాచారాన్ని లోపలికి మోసేది ఐఆర్ఎస్-1 అనే ప్రోటీన్. టీఎన్ఎఫ్ దెబ్బకి దానిమీద అంటుకోకూడని చోట ఫాస్ఫేట్ అంటుకుంటుంది, సమాచారం అక్కడే ఆగిపోతుంది. చక్కెర రక్తంలోనే తిరుగుతుంటుంది. క్లోమం పాపం ఓవర్‌టైం చేసి ఇంకా ఇన్సులిన్ పోస్తుంది, కొన్నేళ్ళకి అలసిపోతుంది, షుగర్ జబ్బు వస్తుంది. మనం మాత్రం టీలో పంచదార మానేశాం కదా అన్న ధైర్యంతో రెండో ప్లేటు మిరపకాయ బజ్జీ చెబుతాం.

"నాకసలు బొజ్జే లేదు" అనే సన్నటి బావగార్లు కూడా నిరాశపడనక్కర్లేదు. కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి కడుపులోపల కొవ్వు దాచుకోవడం మన భారతీయుల ప్రత్యేకత. అందుకే మనకి నడుము కొలత హద్దు మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 అన్నారు. చిన్నతరహా పరిశ్రమలకీ చోటుందన్నమాట.

గిట్టనివాళ్ళు లేకపోలేదు. షుగర్ అంచున ఉన్నవాళ్ళు 7 శాతం బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు నడిస్తే జబ్బు వచ్చే ముప్పు 58 శాతం తగ్గుతుందని 2002లో అమెరికాలో తేల్చారు. ఇది పచ్చి కార్మిక వ్యతిరేక చర్య. మల్లయోధుడు కోడి రామ్మూర్తి పేరున స్టేడియం కట్టుకున్న ఊరు కదా మన శ్రీకాకుళం, కొందరు నమ్మి నడుస్తున్నారు కూడా. రెండు కిలోలు తగ్గగానే "ఏటి బావా, ఇలా సిక్కిపోయావు? ఒంట్లో బాగోలేదేటి?" అని ఊరంతా పరామర్శించి వాళ్ళని దారికి తెస్తోంది.

కార్మికులకి ఇంకో భరోసా ఉంది. ఎలుకల బరువు తగ్గించి చూస్తే, తొలి రోజుల్లో కరిగే కొవ్వుని ఎత్తిపోయడానికి మాక్రోఫేజ్‌లు మరిన్ని చేరాయి, తగ్గింది ఆ తర్వాతే. మనవాళ్ళ వాకింగ్ సరిగ్గా ఆ తొలి రోజుల్లోనే ఆగిపోతుంది కాబట్టి పరిశ్రమకి ఇప్పట్లో వచ్చిన ప్రమాదం ఏమీ లేదు.