సవరణ: హోల్డ్ అంటే బుకింగ్ కాదు

మ్యూజిక్ షోలకి హాల్ బుకింగ్ గురించి మొన్న పెట్టిన పోస్టులో "డేట్ హోల్డ్‌లో పెట్టించుకుంటే చాలు" అని ఉంది కదా, ఆ లైన్ తీసేశాను, దాన్ని నమ్ముకుని ఎవరూ పోస్టర్లు వేయించొద్దు ప్లీజ్. హోల్డ్ అంటే ఆ తేదీకి క్యూలో మీరు ముందున్నారని మాత్రమే. మీ వెనక సెకండ్ హోల్డ్‌లో ఉన్నవాళ్ళు అడ్వాన్స్ కట్టడానికి రెడీ అంటే హాల్ వాళ్ళు మీకు ఫోన్ చేసి కన్‌ఫర్మ్ చేస్తారా వదిలేస్తారా అని అడుగుతారు, చాలాచోట్ల ఒకట్రెండు రోజులే టైమిస్తారు, అప్పటికి మీరు తేల్చకపోతే డేట్ వాళ్ళకి వెళ్ళిపోతుంది. సంతకం, అడ్వాన్స్ రెండూ అయ్యాకే అది మీ డేట్.

ఇంకోటి, కలెక్షన్‌లో ఆర్టిస్టుకి 70 శాతం అని రాశాను, అది ఖర్చులు తీయకముందా తీశాకా అన్నది అందులో లేదు, అసలు విషయం అక్కడే ఉంది. టికెట్ల మీద 100 వచ్చి సౌండు, లైట్లకి 40 పోయిందనుకోండి, ముందే లెక్కేస్తే ఆర్టిస్టు చేతికి 70, తీశాక లెక్కేస్తే 42. ఎంత తేడానో చూడండి! హాల్ నడిపేవాళ్ళు దయచేసి ఇది అగ్రిమెంట్‌లో రాసివ్వండి, కొత్తగా వచ్చే ఆర్టిస్టులు అడగడానికి మొహమాటపడతారు.

సౌండ్ చెక్ (షోకి ముందు మైకులు, స్పీకర్లు సరిచూసుకోవడం) టైము కూడా అద్దె గంటల్లోకే వస్తుందో లేదో ముందే కనుక్కోండి. మిగతా పోస్టంతా యథాతథం.