సాగు ఒకరిది, సాయం ఇంకొకరికా?

2025 వానాకాలంలో యూరియా కోసం పాస్‌బుక్ జిరాక్సులు, చెప్పులు లైన్లో పెట్టి తెల్లవార్లూ కాపలా కాసిన రైతుల్ని అందరం చూశాం. ఆ లైన్లో చెప్పులున్నా పాస్‌బుక్ లేనివాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు కౌలు రైతులు. బస్తా రూ.266.50. జేబులో డబ్బుంది, నాటేసిన పొలం ఎరువు కోసం చూస్తోంది. కాగితం మాత్రం పట్నంలో ఉండే పట్టాదారు బీరువాలో ఉంది. ఫోన్ చేసి బతిమాలితే ఆయన వాట్సాప్‌లో ఫొటో పెట్టాలి. పెట్టకపోతే ఆ టెన్షన్ కౌలుదారుడిదే.

తెలంగాణలో 2018 మేలో రైతుబంధు మొదలుపెట్టి ఎకరాకు సీజన్‌కు రూ.4 వేలు పట్టాదారులకే ఇచ్చారు. దానికి పెట్టుకున్న పేరు పెట్టుబడి సాయం. కౌలు భూమిలో పెట్టుబడి పెట్టేదెవరు? 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ కౌలు రైతులకూ ఎకరాకు ఏడాదికి రూ.15 వేలు ఇస్తామంది. గెలిచాక, రైతుబంధు స్థానంలో 2025 జనవరి 26న మొదలైన రైతుభరోసా రూ.12 వేలకు తగ్గింది, అదీ పట్టాదారుకే. కేంద్రం పీఎం కిసాన్ కింద ఇచ్చే రూ.6 వేలకూ సొంత భూమే అర్హత. రూ.5 లక్షల రైతుబీమా కూడా అంతే. చనిపోయినా సరే, పాస్‌బుక్ ఉంటేనే రైతు!

ఉమ్మడి రాష్ట్రంలో 2011లో తెచ్చిన చట్టం యజమాని సంతకంతో పని లేకుండా కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చింది. తెలంగాణలో ఆ చట్టాన్ని రద్దు చేయలేదు, అమలునే గాలికొదిలేశారు. ఆంధ్రప్రదేశ్‌లో దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, 11 నెలల ఒప్పందంపై యజమాని సంతకం తప్పనిసరి చేశారు. హక్కు ఇస్తున్నామంటూనే దాని తాళంచెవి ఎవరి చేతిలో పెట్టారో చూడండి. సంతకం లేదు కాబట్టి కార్డు లేదు, కార్డు లేదు కాబట్టి పంట రుణం లేదు. సకాలంలో కట్టేవారికి బ్యాంకులో పంట రుణం 4 శాతం వడ్డీకే దొరుకుతుంది. కౌలు రైతు నూటికి నెలకు మూడు రూపాయల చొప్పున, అంటే ఏడాదికి 36 శాతానికి తెస్తాడు. లేదంటే ఎరువుల షాపులో అరువు పెట్టి, పంట చేతికొచ్చాక షాపువాడు చెప్పిన రేటుకు అక్కడే తూకం వేయిస్తాడు. పంట పోయినా కౌలు బస్తాలు కొలవాల్సిందే.

సంతకం పెడితే రేపు భూమి తమది కాకుండా పోతుందేమోనని యజమానులు భయపడుతున్నారు, ఆ భయం కొంత నిజమైనదే. కానీ కార్డు రుణానికి, సబ్సిడీకి, బీమాకే పనికొస్తుందనీ, భూమిపై ఏ హక్కూ రాదనీ 2011 చట్టమే తేల్చి చెప్పింది. ఆ సంగతి ఊరూరా చెప్పాల్సింది ప్రభుత్వం. చెప్పకుండా ఆ భయాన్నే సాకుగా చూపిస్తోంది.

మిగతా చోట్ల సాధ్యమైంది ఇక్కడెందుకు కాదు? ఒడిశా రైతుసాయం కోసం పెట్టిన 'కాలియా' పథకంలో కౌలు రైతుల్నీ చేర్చింది. పశ్చిమ బెంగాల్ రైతుసాయం 'కృషక్ బంధు'లో నమోదైన బర్గాదారుల్నీ, అంటే పంటలో వాటా ఇచ్చి సాగుచేసేవాళ్లనీ చేర్చారు. తెలంగాణలో మాత్రం వేదికెక్కిన ప్రతి నాయకుడూ అన్నదాతకు దండం పెడతాడు, దిగి వెళ్లి పట్టాదారు ఖాతాలో డబ్బులేస్తాడు. రైతంటే దున్నేవాడని మైకులో, భూమున్నవాడని జీవోలో! జెండాలు మారాయి, ఈ రెండు నాల్కల ధోరణి మారలేదు.

ఏ చెలక ఎవరు దున్నుతున్నారో ఊళ్లో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. విత్తనం పడకముందే గ్రామసభ పెట్టి అడగండి, అక్కడే రాసి అక్కడే కార్డివ్వండి. రెవెన్యూ సిబ్బందికి ఇది వారం రోజుల పని. ఓట్లడగడానికి వెళ్లినప్పుడు కౌలు రైతు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లారు కదా, కార్డివ్వడానికి ఆ ఇంటి దారి తెలియదా?