కింది అంతస్తుకు వెళ్లే లింకు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పై అంతస్తు నెట్‌వర్క్ స్విచ్చికీ (కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పెట్టె) కింది అంతస్తు స్విచ్చికీ నడుమ కొలువై, గాజు పోగుల్లో వెలుతురుగా కబుర్లు మోయుచున్న ఫైబర్ లింకు గారి సముఖమునకు, కడప పట్టణంలోని ఒక కళాశాలలో నెట్‌వర్క్ చూసుకునే ఉద్యోగి నమస్కరించి రాయు విన్నపము.

ఉత్తరం మొదట ‘ఉభయ కుశలోపరి’ అని రాయడం పెద్దల ఆచారం. తమరి విషయంలో ఆ ఒక్క మాట రాయడానికి మూడు వారాలుగా ప్రయత్నిస్తున్నాను. పై స్విచ్చిని అడిగితే లింకు క్షేమమే అంటుంది. అదే క్షణంలో కింది స్విచ్చిని అడిగితే లింకు పడిపోయిందంటుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. తమరిలో పోవడానికొక పోగు, రావడానికొక పోగు ఉన్నాయి కనుక, కిందికి దిగే పోగు మాత్రమే మూగబోతే, పైవాడికి వెలుతురు కనిపిస్తూనే ఉంటుంది. ఒక వైపు పడితే రెండో వైపుకు కబురందాలని ఆటో నెగోషియేషన్ అనే ఏర్పాటు ఉంది గానీ, ఎప్పుడో ఎవరో పుణ్యాత్ముడు దాన్ని ఆపివేసి వెళ్లాడు. అప్పటినుంచి పై స్విచ్చి, చనిపోయినవారి పేరిట పింఛను జమ చేసే దఫ్తరులాగా, ఎదుట పుచ్చుకునేవాడు లేకపోయినా సమాచారపు పొట్లాలైన ప్యాకెట్లు పంపుతూనే ఉంది.

తమరు పూర్తిగా చచ్చిపోయి ఉంటే ఈ లేఖ అవసరమే ఉండేది కాదు, ఒక పూటలో కొత్త తీగ వేసి మరిచిపోయేవాళ్లం. తమరు పడిపోయేది రెండు సెకన్లు. లేచాక మాత్రం స్విచ్చిలో దారులకు కాపలాకాసే పాత పద్ధతి స్పానింగ్ ట్రీ అనే ఏర్పాటు తమరిని వెంటనే నమ్మదు. 15 సెకన్లు చెవి ఒగ్గి విని, మరో 15 సెకన్లు ఎవరెవరు ఎటువైపున్నారో నేర్చుకుని, ఆ తరువాతే దారి వదులుతుంది. దారులు చుట్టుకుని సుడి పుట్టకుండా పెట్టిన జాగ్రత్త అది, దాన్ని తప్పుపట్టను. అయితే తమరి రెండు సెకన్ల కునుకు ప్రయోగశాలలోని నలభై కంప్యూటర్లకు అర నిమిషం పైబడిన చీకటి అవుతుంది. నేను మెట్లు దిగి వచ్చేసరికి అంతా సవ్యంగా ఉంటుంది, వైద్యుడి వాకిట అడుగుపెట్టగానే మాయమయ్యే పంటినొప్పిలాగా. “ఏం సార్, నెట్టు మళ్లా పాయెనే” అని ఫోను చేసిన అటెండరు పెద్దాయనే నా ఎదుట అబద్ధాలకోరులా నిలబడవలసి వస్తుంది.

మా అపరాధాలు కూడా ఒప్పుకుంటాను. మొదటి వారం మేము ఎండను నిందించాము. మే నెలలో కడపలో ఏది చెడిపోయినా ఎండ మీదికి తోయడం ఎంత సులభమో తమరికి తెలియనిది కాదు. రెండో వారం ఒకే సాయంత్రం వెలుతురును పంపి అందుకునే పై మాడ్యూలు, కింది మాడ్యూలు, మాడ్యూలు దూర్చే పోర్టు, మూడూ మార్చివేసి, మార్చిన వాటిలో ఏది దోషియో ఇక ఎన్నటికీ తెలియని స్థితిని మా చేతులతో మేమే సంపాదించుకున్నాము. అన్నిటికంటే పెద్ద నేరం రీస్టార్టు. తమరు పడిన ప్రతిసారీ ఎవరో ఒకరు కింది స్విచ్చి మీట ఆపి మళ్లీ వేసేవారు; ఆ స్విచ్చి ఎప్పుడేం జరిగిందో రాసుకునే తన దినచర్యను (లాగ్) జ్ఞాపకంలోనే దాచుకుంటుంది కనుక, మీట ఆపగానే తమరి మీద ఉన్న సాక్ష్యమంతా తుడిచిపెట్టుకుపోయేది. దొంగ పారిపోయిన ఇంటిని పోలీసులు రాకముందే కడిగి ముగ్గు పెట్టినట్టు.

ఇక మిగిలింది పై స్విచ్చి దినచర్య. దాన్ని తెరిస్తే, అది మార్చి 1, 1993 నాటి నుంచి లెక్కపెట్టుకుంటూ తన కాలంలో తాను హాయిగా జీవిస్తోంది. గడియారం ఎవరూ పెట్టకపోతే అది ఆ తేదీనే తన పుట్టినరోజుగా ఎంచుకుంటుందట. ఒకరు తొంభైల్లో, ఇంకొకరు నేటి కాలంలో ఉన్నప్పుడు వారి వాంగ్మూలాలు ఎలా సరిపోలుతాయి? బ్రౌన్ దొర 1820లో ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చి, తరువాత ఇక్కడే పండితులను కూర్చోబెట్టి, తాళపత్ర ప్రతులను ఒకదానితో ఒకటి పోల్పించి పాఠాలు తేల్పించాడు. అదే ఊళ్లో కూర్చుని రెండు స్విచ్చిల ప్రతులను పోల్చి చూడాలని నాకు మూడో వారానికి గాని తోచలేదు. రెండింటికీ, నెట్‌వర్క్ మీదుగా గడియారాలను సరిదిద్దే ఎన్‌టీపీ ద్వారా ఒకే గడియారం కట్టి, దినచర్యలను మీట ఆపినా చెరగని వేరొక సర్వరుకు పంపించాను. ఇది ఒక గంట పని.

నాలుగు రోజుల్లో తమరి గుట్టు బయటపడింది. తమరు ఉదయం 10 గంటల 40 నిమిషాల ప్రాంతంలో పడతారు, సాయంత్రం 5 దాటాక మరొకసారి పడతారు, ఆదివారం అసలు పడరు. మధ్యాహ్నం 2 గంటలకు, ఎండ నిప్పులు చెరుగుతున్నప్పుడు, తమరు రాయిలా నిలబడతారు. కాబట్టి ఎండ నిర్దోషి. పోర్టులో సీఆర్‌సీ తప్పుల లెక్క, అంటే దారిలో చెడిపోయి చేరిన ప్యాకెట్ల లెక్క, కూడా పెరగడం లేదు. తొమ్మిది మైక్రాన్ల గాజు కోర్ (వెలుతురు నడిచే నడిమి భాగం) మీద ధూళి కూర్చుంటే చాలాసార్లు ఆ లెక్క రోజంతా కొద్దికొద్దిగా పెరుగుతూ ఉంటుంది. ఇక్కడ ఏదో ఒక చెయ్యి, కార్యాలయపు వేళల్లో మాత్రమే, తమరి గొంతు నొక్కుతోంది.

10 గంటల 35 నిమిషాలకు రికార్డు గదిలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. అటెండరు పెద్దాయన వచ్చి, హాజరు పట్టీల కోసం ఇనుప బీరువా తలుపు బార్లా తెరిచాడు. ఆ తలుపు వెనక్కి వెళ్లి, గోడకు అమర్చిన కడప బండ అంచుకు తమరి పసుపు తీగను అదిమింది. కింది మాడ్యూలుకు అందే కాంతి మైనస్ 7 డీబీఎం (కాంతి బలాన్ని చెప్పే కొలమానం) నుంచి మైనస్ 24కు పడింది, అంటే దాదాపు యాభయ్యో వంతు. సాధారణ సింగిల్ మోడ్ పోగును, అంటే తమరి జాతి సన్నని కోర్ పోగును, మూడు సెంటీమీటర్ల వ్యాసార్ధం కంటే ఇరుకుగా వంచకూడదని చెబుతారు. బండ అంచు దగ్గర తమరు చాకు మీద వేసిన దారంలా ఉన్నారు. అలాంటి వంపులో వెలుతురు గాజు లోపల నిలవక బయటికి జారిపోతుంది. ఆయన పట్టీలు తీసుకుని తలుపు మూసేశాడు. తమరు లేచి కూర్చున్నారు.

బీరువాను జానెడు జరపడానికి దరఖాస్తు పెట్టాను, అది ఏ బల్ల మీద ఉందో విచారిస్తున్నాను. ఈలోగా బండ అంచుకు సైకిలు ట్యూబు ముక్క చుట్టి, తమరిని పక్క గోడ మీదుగా వదులుగా తిప్పి కట్టాము. ఆటో నెగోషియేషన్‌ను రెండు వైపులా తిరిగి పెట్టాము. ఆరు రోజులు తమరు పడలేదు.

నిన్న రాత్రి 2 గంటల 13 నిమిషాలకు, బీరువాకు తాళం వేసి ఉండగా, పడ్డారు. ఎప్పటిలాగా తమరినే తిట్టబోయి ఆగాను. కింది స్విచ్చి తన వయసును 2 గంటల 13 నిమిషాల నుంచి కొత్తగా లెక్కపెడుతోంది. అంటే ఈసారి కరెంటే పోయింది. ఆ గదిలోని యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడు కొన్నదో చెప్పే కాగితం అదే ఇనుప బీరువాలో ఉందట. రేపు 10 గంటల 40 నిమిషాలకు తెరుస్తారు, కొంచెం ఓర్చుకోండి.

ఇట్లు,
తమరి విధేయుడు