హ్యాండిల్ ఒక దిక్కు, చక్రం ఒక దిక్కు

మొన్న పాత సీడీల డబ్బా సర్దుతుంటే 'డేవ్ మిర్రా ఫ్రీస్టైల్ బీఎంఎక్స్' దొరికింది. డేవ్ మిర్రా అనే నిజమైన సైకిల్ విన్యాసగాడి పేరు మీద 2000లో వచ్చిన సైకిల్ విన్యాసాల ఆట. మా మేనల్లుడు తంటాలు పడి దాన్ని తన కంప్యూటర్‌లో ఆడించాడు. రెండు రాత్రులు ఆడాక, హన్మకొండ గల్లీల్లో అద్దె సైకిళ్లు తొక్కినవాడిగా నా తీవ్ర అభ్యంతరాలు నమోదు చేస్తున్నాను.

అందులో బార్‌స్పిన్ అని ఒకటుంది. గాల్లో ఉండగా హ్యాండిల్‌ను గిర్రున ఒక చుట్టు తిప్పి మళ్లీ పట్టుకోవాలి. దానికి పాయింట్లు! మా వీధి చివర, గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చే సైకిల్ టాక్సీలో మూడో నంబరు సైకిల్‌కు ఈ సౌకర్యం నేల మీదే ఉండేది. హ్యాండిల్ భద్రకాళి గుడి వైపు తిప్పితే చక్రం నక్కలగుట్టకు పోయేది. దిగి, ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి, హ్యాండిల్‌ను ఒక్క గుంజు గుంజి మళ్లీ ఎక్కేవాళ్లం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇక సూపర్‌మ్యాన్ అంటే హ్యాండిల్ పట్టుకుని కాళ్లు వెనక్కి చాపి ఎగరడం. ముందు బ్రేకు ఒక్కటే పనిచేసే సైకిల్ మీద దిగుడులో పోతే అది దానంతటదే వస్తుంది.

"మామా, గంత మీదికెళ్లి పడ్డడు గదా, దెబ్బ తాకలేదా?" అన్నాడు అల్లుడు. నా అసలు ఫిర్యాదూ అదే. పడ్డ మనిషి కాసేపు దొర్లి, మళ్లీ సైకిల్ మీద ప్రత్యక్షమవుతాడు. మోకాలు చెక్కుకుపోదు. పసుపు అద్దేవాళ్లుండరు. "ఎవరి కొడుకువురా నువ్వు?" అని ఆరా తీసే పెద్దమనిషి ఉండడు. పడ్డందుకు ఇంట్లో విడిగా పడేవి అసలే లేవు.

అసలు మిర్రా సంగతి మాత్రం నవ్వులాటగా చెప్పలేను. ఆ 2000లోనే ఎక్స్ గేమ్స్ అనే సాహస క్రీడల పోటీల్లో గాల్లో వెనక్కి రెండు పల్టీలు కొట్టాడు. పోటీలో ఆ పని చేసిన మొదటివాడు ఆయనే. 2016లో చనిపోయాక పరీక్షిస్తే, తలకు పదేపదే దెబ్బలు తగిలితే వచ్చే మెదడు జబ్బు ఉందని తేలింది. ఆటలో ఆయన బొమ్మ ఇంకా పడి లేస్తూనే ఉంది.

లెక్కల్లో ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. గాల్లో ఉన్నంతసేపు అంకెలు పెరుగుతూ పోతాయి, దిగేటప్పుడు చక్రం వంకరపడితే అన్నీ గల్లంతు. రింగు రోడ్డు పక్కన ప్లాటు కొన్న మా బావకు ఇది వివరించాల్సిన పని పడలేదు.

ఆటలో టైం అయిపోతే మళ్లీ మొదలుపెట్టొచ్చు. సైకిల్ టాక్సీ గోడ గడియారం మాత్రం ఎప్పుడూ పది నిమిషాలు ముందుండేది, మేం బయటికి పోయినంక ఇంకాస్త ఉరికేదని నా అనుమానం. తిరిగి అప్పగించేటప్పుడు టాక్సీ ఓనరు హ్యాండిల్ పట్టి చూసేవాడు. "తీస్కపోయినప్పుడు ఎట్లుందో గట్లనే ఇయ్యాలె" అనేవాడు.

"అప్పుడు వంకర ఉండె కాకా, నేనే సక్కగ చేసి తెచ్చిన" అన్నానొకసారి.

రిపేరుకు టైం పట్టింది కాబట్టి రూపాయి ఎక్కువ తీసుకున్నాడు.