అమ్మ చెప్పిన ఉప్పు మాట

తెలంగాణ సరిహద్దును ఆనుకున్న మహారాష్ట్ర ఊరు సిరొంచలో మా దగ్గరి చుట్టాలింటి పిల్లాడికి మూడేళ్లు నిండేలోపు నాలుగుసార్లు నిమోనియా వచ్చింది. టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు మింగించారు. తగ్గలేదు. మే నెలలో వాడి చొక్కా విప్పి దండెం మీద వేస్తే మెడపట్టీ చుట్టూ తెల్లగా ఉప్పు చార కట్టేది. "వీణ్ని ముద్దు పెట్టుకుంటే పెదాలకు ఉప్పు తగులుతుంది సార్" అని వాళ్లమ్మ వెళ్లిన ప్రతిచోటా చెప్పింది. ఎండాకాలం కదా, అందరికీ అంతే అన్నారు. చివరికి హైదరాబాద్‌లో చెమట పరీక్ష చేశాక సిస్టిక్ ఫైబ్రోసిస్ అని తేలింది.

జబ్బు సంగతి చాలామంది వినే ఉంటారు. ఉప్పును కణం పొర దాటించే సీఎఫ్‌టీఆర్ అనే దారి పుట్టుకతోనే సరిగా ఉండదు. దాని జన్యువును 1989లోనే గుర్తించారు. చెమటలో ఉప్పు మిగిలిపోతుంది, ఊపిరితిత్తుల్లో కఫం తడి లేక జిగురులా బిగుస్తుంది.

నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆ తర్వాతి కథ. ఈ పిల్లల ఊపిరితిత్తుల్లో తిష్ట వేసే సూడోమోనాస్ అనే బాక్టీరియా కొత్తదేమీ కాదు. నీళ్లలో, తడి మట్టిలో, సింకు గొట్టాల్లో ఉంటుంది. మనమూ పీలుస్తూనే ఉంటాం. మన శ్వాసనాళాల్లో సన్నని నూగు కఫాన్ని ఎప్పటికప్పుడు గొంతు వైపు తోసేస్తుంది కాబట్టి దానికి నిలబడే సందు దొరకదు. ఈ పిల్లల్లో ఆ ఊడ్పు కుంటుపడుతుంది. బాక్టీరియా ఒంటి మీది పిలై అనే పోగులు కణాల మీది ఏసియాలో-జీఎం1 అనే, చక్కెర తగిలి ఉన్న కొవ్వు అణువును పట్టుకుంటాయి. ఆ అణువు దెబ్బ తిని మానుతున్న కణాల మీద ఎక్కువగా బయటపడుతుంది. పైగా బాక్టీరియా విడుదల చేసే ఒక ఎంజైమ్ పై తొడుగును కత్తిరించి మరిన్ని పట్లు తయారుచేస్తుంది. అంటే వచ్చిన ప్రతి ఇన్ఫెక్షనూ తర్వాతిదానికి చోటు చూపించి పోతుంది.

అయితే కణానికి అంటుకోవడం దగ్గరే కథ ఆగదు. 2002లో వచ్చిన ఒక పరిశోధనలో రోగుల ఊపిరితిత్తులను పరిశీలిస్తే బాక్టీరియాలో ఎక్కువ భాగం కణాలకు దూరంగా, ప్రాణవాయువు సరిగా అందని కఫం ముద్దల్లో కనిపించింది. అక్కడ అది పళ్ల మీద పాచిలా పొర కడుతుంది. ఆల్జినేట్ అనే జిగట కప్పుకున్నాక యాంటీబయాటిక్స్ దాన్ని దాదాపు వదిలించలేవు. ఆ జిగట పట్టకముందు మాత్రం కొంత వ్యవధి ఉంటుంది. మొదటిసారి కనబడినప్పుడే పీల్చే టోబ్రామైసిన్ లాంటి మందులు ఇస్తే చాలామంది పిల్లల్లో అది తుడిచిపెట్టుకుపోతుంది. మావాడి విషయంలో ఆ వ్యవధినే టీబీ మాత్రలు తినేశాయి.

ఇది అరుదైన జబ్బు, మన దగ్గర టీబీయే ఎక్కువ, డాక్టర్లు ముందు దాన్నే అనుమానించడం న్యాయమే అంటారు. మొదటిసారి దగ్గుకు ఒప్పుకుంటాను. నాలుగో నిమోనియాకు ఒప్పుకోను. మేనరికాలు చేసుకునే మన ఇళ్లలో ఒకే తాత నుంచి వచ్చిన లోపం అమ్మలోనూ నాన్నలోనూ ఉండే అవకాశం ఎక్కువ. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు 25 శాతం ముప్పు. అసలు వెతకకుండానే అరుదు అని తేల్చేస్తే ఎట్లా? చెమట పరీక్ష 1959 నాటిది. పిల్లాడి ముంజేతికి చెమట పట్టించే పైలోకార్పిన్ అనే మందు పూసి, కొన్ని నిమిషాలు చిన్న కరెంటు పెట్టి, అరగంట చెమట పట్టి క్లోరైడ్ కొలుస్తారు. లీటరుకు 60 మిల్లీమోల్స్, ఆపైన ఉంటే ఈ జబ్బే అని గట్టి అనుమానం. సూది పోటు కూడా లేదు.

ఆ తల్లి మాట ఎందుకు ఎవరికీ ఎక్కలేదో నేను చాలాసార్లు ఆలోచించాను. ఆమె ఇంట్లో తెలుగు, బడిలో చదివింది మరాఠీ. ధర తెలుసుకోవడానికో, బస్సు అడగడానికో ఆమె మరాఠీ సరిపోతుంది. పిల్లాడి ఒంటి రుచి చెప్పడానికి సరిపోలేదు. ఆమె తెలుగులో మొదలుపెట్టింది, ఎదుటివాళ్లు తలూపి తర్వాతి చీటీ తీసుకున్నారు. ఇన్నేళ్ల వైద్యం ఏ గుర్తు కోసం వెతికిందో అది ఆమె నోట్లోనే ఉంది. సరిహద్దు తాలూకాల్లో రోడ్లు అడుగుతాం, వంతెనలు అడుగుతాం. ఓపీలో మన మాట అర్థమయ్యే మనిషిని మాత్రం ఎవరూ అడగరు. జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. అంత దూరం పోయి నోరు తిరగని భాషలో రోగం చెప్పుకోవాలి.

సిరొంచ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరగలిగే దూరంలో చెమట పరీక్ష ఉండాలి. రెండోసారి నిమోనియాతో వచ్చిన ప్రతి పిల్లాడి తల్లినీ "ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉంటాడా అమ్మా?" అని తెలుగులో అడిగే నర్సు ఒకరు అక్కడ కూర్చోవాలి.