నీళ్ల డ్రమ్ములో తెల్ల పొడి

చిన్నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు పలకరించడానికి వచ్చినవారందరిదీ ఒకటే మాట: "మందులు ఎక్కువ వాడేశాడు బాబూ, ఒళ్లు అలవాటు పడిపోయింది." మా పర్లాకిమిడిలో చదువుకున్నవారు కూడా ఇలాగే అంటారు. వినీ వినీ విసుగెత్తి రాస్తున్నాను. అలవాటు పడింది ఒళ్లు కాదు, లోపలి క్రిమి. ఆ క్రిములకు పాఠం చెప్పినవారిలో నేనూ ఒకణ్ణి.

పాతపట్నం వెళ్లే దారిలో అయిదేళ్లు బ్రాయిలర్ షెడ్డు నడిపాను. కోడిపిల్లలు దిగిన మొదటి వారం డీలరు ఇచ్చిన తెల్ల పొడిని నీలం డ్రమ్ములో కలిపేవాణ్ణి. రోగం వచ్చాక కాదు, రాకముందే! సంచి మీద కోలిస్టిన్ అని ఉండేది, అదొక యాంటీబయాటిక్. "విరేచనాలు పట్టవు, బరువు వస్తుంది" అన్నాడు. బరువు వచ్చింది కూడా.

ఆ పేరు మళ్లీ కనబడింది విశాఖలో, చిన్నాన్న కల్చర్ రిపోర్టులో, అంటే ఒంట్లోని క్రిమిని పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్షలో. క్రిమి పేరు క్లెబ్సియెల్లా. కింద మందుల పేర్లు, వాటి ఎదురుగా ఆర్, ఆర్, ఆర్. రెసిస్టెంట్, అంటే ఆ మందుకు లొంగదని. అట్టడుగున కోలిస్టిన్, దానికీ ఆర్. మూత్రపిండాలను దెబ్బతీస్తుందని 1970లలో చాలావరకు పక్కన పెట్టిన మందు అది. మిగతావి చేతులెత్తేశాక మళ్లీ బయటికి తీశారు.

కోలిస్టిన్ ఒక పెప్టైడ్, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. మట్టిలో బతికే ఒక బాక్టీరియా తయారుచేసుకునే ఆయుధం. దానిది ధనావేశం, క్రిమి పైపొరది ఋణావేశం. అందుకే వెళ్లి అంటుకుని పొరను చీలుస్తుంది. ఎదురుతిరిగిన క్రిమి తెలివి చూస్తే ఒళ్లు మండుతూనే మెచ్చుకోవాలనిపిస్తుంది. తన పొరలోని కొవ్వు అణువుకు ఫాస్ఫోఇథనాలమీన్ అనే చిన్న ముక్కను తగిలించుకుని ఋణావేశాన్ని తగ్గించేస్తుంది. ఇక మందు తామరాకు మీద నీటిబొట్టే.

ఈ విద్య తల్లి క్రిమి నుంచి పిల్ల క్రిములకే వెళ్తుందనుకున్నంతకాలం కాస్త ధీమాగా ఉన్నారు. 2015లో చైనా పరిశోధకులు పందుల్లో, పచ్చి మాంసంలో, రోగుల్లో ఎంసీఆర్-1 జన్యువును చూపించారు. అది ప్లాస్మిడ్ అనే డీఎన్ఏ ఉంగరం మీద కూర్చుని, వేరే జాతి క్రిమికి కూడా చేబదులుగా వెళ్లిపోతుంది. నా షెడ్డు పెంటనంతా లోడు కట్టి వరి మళ్లకే అమ్మాను మరి.

మన ప్రభుత్వం 2019 జూలైలో కోళ్లకు, చేపలకు, పశువులకు కోలిస్టిన్ నిషేధించింది. నేను కలిపిననాటికి అది నేరం కాదని స్నేహితులు ఊరడిస్తారు. చిన్నాన్నను పట్టిన క్రిమి నా షెడ్డుదే అనడం లేదు. ఎంజీఆర్‌బీ అనే జన్యువు చెడినా క్లెబ్సియెల్లా ఇలాగే మొండికేస్తుంది, అది ఆసుపత్రిలోనే అంటి ఉండవచ్చు. అయినా ఆ ఊరడింపు నాకు ఎక్కదు.

పన్నెండో రోజు భోజనాల్లో ఒకాయన మళ్లీ "ఒళ్లు అలవాటు పడిపోయింది" అన్నాడు. విస్తరి ముందు కూర్చునే ఇదంతా చెప్పాను. సాంబారు బకెట్టు పట్టుకున్న కుర్రవాడు వడ్డన మరచి నిలబడిపోయాడు. వాడిది కొత్త షెడ్డు. ఆ సాయంత్రమే ఫోను చేశాడు: "అన్నయ్యా, మా పొడి సంచి ఫొటో పంపుతున్నాను, పేరు చూసి చెప్పండి."